నక్కిలీసు చూపించండి



కిందటేడు మాఘమాసం పెళ్ళిళ్ళ రోజుల్లో శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక బంగారం కొట్టుకి వెళ్ళాను. మేనకోడలికి చెవిదిద్దులు కొనాలి. నా పక్కనే ఒక కొత్త జంట కూర్చుని ఉన్నారు. మాటతీరు చూస్తే హైదరాబాదు వాళ్ళు. చుట్టాలింట్లో పెళ్ళికి వచ్చి ఉంటారు. కౌంటరు వెనక ఉన్న కుర్రాడు మాత్రం మా వైపు వాడే. మందస దగ్గరో, వజ్రపుకొత్తూరు దగ్గరో ఏదో పల్లె. నాలుకని జాగ్రత్తగా తిప్పుకుంటూ, "నెక్లెస్‌లు ఇటున్నాయి మేడమ్" అన్నాడు. ఆ అమ్మాయి మొగుడి మోచెయ్యి పొడిచి, నవ్వాపుకుంటూ, "కాదు, మాకు నక్కిలీసు చూపించండి" అంది.

కుర్రాడు తెల్లబోయాడు. తర్వాత వాడూ నవ్వాడు. కాకపోతే ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

దిద్దులు కొన్నాను గానీ నా బుర్రంతా ఆ ఆలస్యం దగ్గరే ఉండిపోయింది. ఆ కుర్రాడి ఇంట్లో వాళ్ళమ్మ నక్కిలీసు అనే అంటుంది. ఉద్యోగం కోసం వాడు ఆ మాటని గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచి లోపలికొచ్చాడు. ఈ అమ్మాయేమో సరదాగా ఆ చెప్పులే తొడుక్కుని కొట్టులోకి వచ్చింది.

ఇదంతా ఒక పాట చేసిన పని. 2020 మార్చి 6న 'పలాస 1978' అనే సినిమా విడుదలైంది. తీసిన కరుణకుమార్ ఈ ప్రాంతం ఎరిగిన మనిషి, కథలు రాసినవాడు. సంగీతం రఘు కుంచె. అందులో ఉత్తరాంధ్ర జానపదం ఒకటి వాడుకున్నారు, 'నక్కిలీసు గొలుసు' పాట. పాటలో సంగతి పెద్దదేం కాదు. గొలుసు పోయింది, ఎక్కడ పడిందో వెతుక్కోవాలి, నీ పక్కనేమైనా పడిందేమో చూడమని ఒక పిల్లని అడగాలి. అంతే. పోయింది నిజంగా గొలుసేనా, వెతకడం అనే వంక మాత్రమేనా అన్నది వినేవాళ్ళ వయసును బట్టి ఉంటుంది.

సినిమా హాల్లోకి వచ్చిన రెండు వారాలు తిరక్కుండానే హాళ్ళు మూతపడ్డాయి. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మామూలుగా అయితే చిన్న సినిమా కథ అక్కడితో ముగిసిపోవాలి. కానీ పాటకి హాలుతో పని లేకపోయింది. జనం ఇళ్ళలో ఉన్నారు, చేతిలో ఫోనుంది, చెయ్యడానికి పని లేదు. టిక్‌టాక్‌తో జనానికి తెలిసిన దుర్గారావు వేసిన స్టెప్పుతో ఆ పాట ఎక్కడెక్కడికో పాకింది. జూన్ 29న టిక్‌టాక్‌ని ప్రభుత్వం నిషేధించింది. జులైలో ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళు రీల్స్ మొదలుపెట్టారు. బస్సు చెడిపోతే ఇంకో బస్సెక్కినట్టు పాట ఇందులోంచి అందులోకి మారింది. టీవీ డ్యాన్సు పోటీల్లోకి, పెళ్ళి బరాతుల్లోకి, వినాయక నిమజ్జనాల్లోకి, చివరికి బంగారం కొట్టు కౌంటరు మీదికి. ఆ కొట్టులో నవ్విన అమ్మాయి 'పలాస 1978' చూసి ఉంటుందని నేననుకోను. చూడనక్కర్లేదు. ఆమె దగ్గరికి సినిమా రాలేదు, పాట కూడా పూర్తిగా రాలేదు. రెండు మాటలు వచ్చాయి.

ఆ రెండు మాటలే ఎందుకొచ్చాయన్నది నన్ను పట్టుకున్న ప్రశ్న. పాటలో ఇంకా చాలా మాటలున్నాయి కదా.

ముందు ఆ మాట పుట్టుక చూడండి. నెక్లెస్ అనేది ఇంగ్లీషు మాట. క, ల ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే మా వాళ్ళ నోటికి నచ్చదు. ముందో మధ్యలోనో ఒక అచ్చు పడాలి. గ్లాసు గలాసయింది, స్కూలు ఇస్కూలయింది, నెక్లెసు నక్కిలీసయింది. పలాస బట్టీలకి ఇప్పుడు ఆఫ్రికా దేశాల నుంచి కూడా జీడిపిక్కలు ఓడల్లో వస్తున్నాయి. ఎక్కడి పిక్కయినా ఇక్కడ ఉడికి, ఇక్కడి ఆడవాళ్ళ చేతుల్లో పొట్టు వదిలిందంటే అది పలాస జీడిపప్పే. నక్కిలీసు కూడా అలాంటి సరుకే. మాట దిగుమతిది, ఒలిచింది ఇక్కడ. ఒలిచాక ఎగుమతి అయింది.

ఇక రెండోది, దాని పక్కన గొలుసు. నెక్లెసు వేరు, గొలుసు వేరు అని ఏ కంసాలిని అడిగినా చెబుతాడు. నెక్లెసు మెడని పట్టుకుని ఉంటుంది, గొలుసు గుండె మీదికి దిగుతుంది. పాటకి ఆ పట్టింపు లేదు. లీసు, లుసు అని రెండు మాటలూ ఒకదాన్నొకటి గుద్దుకోవడమే దానికి కావలసింది. నోట్లో ఆ రెండూ ఒకసారి తిప్పి చూసుకోండి. నాలుక తనంతట తానే మళ్ళీ మొదటికి వెళ్తుంది. నేను ఈ ప్రసంగం రాసుకుంటున్నప్పుడు పైకి అనుకున్నానేమో, పక్క గదిలో మా ఆవిడ తర్వాతి ముక్క అందుకుంది.

ఇది సినిమా వాళ్ళు కనిపెట్టిన విద్య అనుకోకండి. మా వైపు ఉభాల రోజుల్లో, అంటే వరి నాట్లప్పుడు, మడిలో ఇరవై మంది ఆడవాళ్ళు వంగి ఉంటే పాట తెలిసిన మనిషి ఒక్కతే ఉంటుంది. ఆవిడ పాట ఎత్తుతుంది. మిగతా వాళ్ళు వంత అందుకుంటారు. ఎత్తే మనిషి చరణం చరణానికీ కొత్త సంగతి తెస్తుంది. మునసబులున్న రోజుల్లో ఊరి మునసబుని ఆడిపోసుకునేది, గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ బుగతని ఒక పోటు పొడుస్తుంది, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లని ఏడిపిస్తుంది. ఇవాళ పాడిన చరణం రేపు పాడదు. వంత మాత్రం మారదు. అది ఎవరికైనా నోటికి అందేలా ఉండాలి, వంగిన నడుం ఊపిరికి సరిపోవాలి, అర్థం మీద ధ్యాస పెట్టకుండానే నోరు పలకాలి. అందుకే సాయంత్రం గట్టు దిగి ఇంటికెళ్ళే ఇరవై మంది నోళ్ళలోనూ మిగిలేది వంతే. వాళ్ళు దాన్ని తమ ఊళ్ళకి పట్టుకెళ్తారు. అక్కడ ఇంకొకావిడ దానికి తన చరణాలు కట్టుకుంటుంది.

రాజకీయాల పుణ్యమా అని వంత పాడటం ఇప్పుడు తిట్టయిపోయింది గానీ, పాటలో అది గౌరవమైన పని. వంత లేకపోతే ఎత్తిన మనిషికి ఊపిరి తీసుకునే సందు దొరకదు. జముకుల కథలోనూ అంతే, తప్పెటగుళ్ళలోనూ అంతే. జనం నోట్లో పడి ఊళ్ళు దాటే మాట ఎప్పుడైనా వంతలోదే అయి ఉంటుంది. ఫోను చేసిందల్లా ఒక్కటే. ఎత్తే మనిషిని కత్తిరించేసింది. పదిహేను సెకన్లలో పట్టేది వంత ఒక్కటే కదా.

ఇక్కడ నా సొంత గోడు కొంచెం చెప్పుకుంటాను, మన్నించండి. తొంభైల మొదట్లో చదువుకోసం విశాఖపట్నం వెళ్ళాను. హాస్టల్లో మొదటి రాత్రే నా నోట్లోంచి "ఏటి" అన్న మాట ఊడిపడింది. "ఏంటి" అనాలట. గదిలో ఉన్న నలుగురూ నన్ను చుట్టుముట్టి, "మళ్ళీ అనరా, మళ్ళీ అనరా" అన్నారు. బేగి అన్నా నవ్వే, ఎల్లిపోనాను అన్నా నవ్వే. బేగి అంటే తొందరగా అని. ఇచ్ఛాపురం దాటి ఒడియా ఊళ్ళలోకి వెళ్ళినా బేగి బేగిగానే ఉంటుంది, ఎవడూ నవ్వడు. విశాఖపట్నం వైపు దిగితేనే నవ్వులాట. దసరా సెలవులకి ఇంటికొచ్చి, "ఏంటమ్మా, అన్నం పెడతావా" అన్నాను. మా అమ్మ గరిట పట్టుకుని ఆగిపోయి, "నీ నోటికేటైనాదిరా?" అంది. అప్పట్నుంచి నాకు రెండు నోళ్ళు. ఒకటి పలాస స్టేషన్లో బండి దిగేదాకా, ఇంకోటి దిగాక.

2020 వేసవిలో మా అబ్బాయి ఫోను నా ముక్కు ముందు పెట్టి, "నాన్నా, ఇది మన ఊరి పాటట కదా, మా ఫ్రెండ్స్ నిన్ను శ్రీకాకుళం యాసలో మాట్లాడమంటున్నారు" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళ తర్వాత మళ్ళీ అదే మాట, మళ్ళీ అనరా అని. ఈసారి వెక్కిరింత లేదు, ముచ్చట ఉంది. నేను అన్నాను కూడా. వాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు సంతోషం వేసిందా అంటే, వేసింది. పూర్తిగా వేసిందా అంటే, ఆ కొట్టులో కుర్రాడి నవ్వు గుర్తు చేసుకోండి.

పాటలో పడ్డాది అని ఒక క్రియ ఉంది. నాగరికంగా అయితే పడింది. పడ్డాది, అయినాది, వచ్చినాది అని మా వాళ్ళు క్రియ చివర ఒక దీర్ఘం సాగదీస్తారు. ఇదే దీర్ఘం బళ్ళో పరీక్ష కాగితం మీద రాస్తే ఎర్ర సిరా గీత పడుతుంది. వాడుక భాష కోసం జన్మంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ జిల్లాలో పుట్టినవారు, టెక్కలి నుంచి బస్సెక్కితే చేరే పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు సభలో మాట్లాడే పిల్లాడికి ముందు రోజు సాయంత్రం ఇంట్లో చెప్పే జాగ్రత్త ఏమిటంటే, "ఏటి అనకు, ఏమిటి అను."

సినిమాకి మా మాట కొత్త కాదు. 1977లో 'యమగోల'లో 'ఓలమ్మీ తిక్కరేగిందా' అని పాట వచ్చింది. ముప్ఫయ్యేళ్ళకి, 2007లో, 'యమదొంగ'లో తాత పాటకి మనవడు మళ్ళీ చిందేశాడు. ఓలమ్మీ అన్న పిలుపు అలా రెండు తరాలకి ఎక్కింది. మా ఇళ్ళలో ఓలమ్మీ అనేది తల్లి కూతుర్ని పిలిచే పిలుపు, ఆడవాళ్ళు ఆడవాళ్ళని పలకరించుకునే పిలుపు. సినిమాలో మగవాడు ఆడపిల్లని ఆట పట్టించే పిలుపయింది. 'పలాస 1978'లోనే 'బావొచ్చాడోలప్పా' అని ఇంకో పాట ఉంది. అందులో ఓలప్పా అంటే అక్కని పిలవడం, మాకు అప్ప అంటే అక్క. పాట మోగుతున్నప్పుడు అక్కడో అక్క ఉందని ఎంతమందికి తట్టిందో!

మొత్తం మీద సినిమాల్లో మా యాస ఎక్కువగా పనివాడి నోట్లోనో, నవ్వించడానికి పెట్టిన పాత్ర నోట్లోనో ఉండేది. 2020 సంక్రాంతికి అది కొంచెం పక్కకి జరిగింది. 'అల వైకుంఠపురములో' సినిమాలో 'సిత్తరాల సిరపడు' పాట వచ్చింది. విజయ్ కుమార్ భల్లా రాశారు, సూరన్న, సాకేత్ పాడారు. పట్టిన పట్టు వదలని మొండి కుర్రాడు సిరపడు. హీరో కొట్లాడుతుంటే వెనక ఈ పాట. జనవరిలో అది, మార్చిలో నక్కిలీసు. మా మాట హీరో పక్షాన నిలబడటం అప్పుడే చూశాను.

అన్నిటికంటే దూరం నడిచిన మాట వేరే ఉంది. దాని కథ ఇంత సరదాగా ఉండదు.

'ఏం పిల్లడో ఎల్దమొస్తవా.' వంగపండు ప్రసాదరావు పాట. ఆయన 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. అప్పటికి అదీ విశాఖ జిల్లాయే, ఆ తర్వాత శ్రీకాకుళం జిల్లా, 1979 నుంచి విజయనగరం, ఇప్పుడు పార్వతీపురం మన్యం. జిల్లాలు ఆయన చుట్టూ మారాయి గానీ ఆయన మాట మారలేదు. షిప్‌యార్డులో పనిచేశారు, గద్దర్‌తో కలిసి జననాట్యమండలి కట్టారు. శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటం నేపథ్యంలోంచి వచ్చిన పాట అది. పిల్లవాణ్ణి కొండలవైపు పిలిచే పాట.

ఆ పోరాటం పలాస చుట్టూ ఉన్న మా ఉద్దానానికి ఎక్కడో దూరపు కథ కాదు. బొడ్డపాడు పలాసకి దగ్గరే. పంచాది కృష్ణమూర్తిది ఆ ఊరు. ఆ ఊరి గుళ్ళో పూజారిగా ఉండి జముకుల కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహిని జనం ఇప్పటికీ తలుచుకుంటారు. ఇంటిపేరు ఒడియా, పాట తెలుగు. 1969లో ఇద్దరూ ఎన్‌కౌంటర్లలో పోయారు, మే నెలలో కృష్ణమూర్తి, డిసెంబరులో పాణిగ్రాహి. జముకుల కథని ఆయన ఎంచుకోవడం ఊరికే జరిగిన పని కాదని నా నమ్మకం. అందులో వంత ఉంది. చదువు రాని మనిషి రాత్రి కథ విని పొద్దున్నే పొలానికి వెళ్ళేటప్పుడు వంత ముక్క నోట్లో ఉంటుంది. కాగితం మీద అచ్చేసిన మాటనైతే పోలీసు సోదా చేసి పట్టుకుపోగలడు. వంత ముక్కని ఎక్కడని వెతుకుతాడు?

ఎల్దమొస్తవా అన్న మాట కట్టుబడి చూడండి. ఎల్దము, వస్తవా. వెళ్దాం అని ముందే తేల్చేశాడు, వస్తావా అని తర్వాత అడుగుతున్నాడు. నిర్ణయం అయిపోయాక ప్రశ్న. టెక్కలి బస్టాండులో ఇద్దరు కుర్రాళ్ళు టీ తాగడానికి ఒకణ్ణొకడు పిలుచుకునేది కూడా ఇలాగే. కొండమీదికి పిలిచినా, టీ కొట్టుకి పిలిచినా అదే వాక్యం. అందులో ఎక్కడికి అన్న మాట లేదు. దాన్ని దాటించింది ఆ ఖాళీయే. ఎవరికి కావలసిన చోటు వాళ్ళు అందులో పెట్టుకోవచ్చు.

పెట్టుకున్నారు కూడా. 1986లో ఆర్. నారాయణమూర్తి 'అర్ధరాత్రి స్వతంత్రం'తో ఆ పాట వెండితెర ఎక్కింది. అక్కడ ఇంకా కొండ కొండలాగే ఉంది. 2009 జులై 31న 'మగధీర' వచ్చింది. అందులో ఒక హుషారు పాటలో ఈ పిలుపు వినిపించింది. హీరో, రంగు దీపాలు. తనను అడక్కుండా తన మాట వాడుకున్నారని వంగపండు అభ్యంతరం చెప్పారు, అప్పట్లో పత్రికల్లోనూ టీవీల్లోనూ గట్టిగానే నలిగింది. నేనప్పుడు ఆయన పక్షమే. ఇప్పటికీ ఆయన పక్షమే. అయినా ఒక మాట చెప్పుకోవాలి. ఆ సినిమా చూసి ఎల్దమొస్తవా అని ఎగిరిన పదేళ్ళ పిల్లలు ఆ పిలుపుని కొండకి తీసుకెళ్ళలేదు గానీ, మర్చిపోలేదు కూడా. వాళ్ళలో కొందరు పెద్దయ్యాక అసలు పాట వెతుక్కుని విన్నారు. అలా విన్నవాళ్ళు నాకే ఇద్దరు ముగ్గురు తెలుసు. మాట తప్పిపోయి ఒక్కోసారి సొంత వీధికే వస్తుంది. ఎప్పుడూ కాదు, ఒక్కోసారి.

వంగపండు 2020 ఆగస్టు 4న పోయారు. ఆ వేసవి అంతా ఫోన్లలో నక్కిలీసు మోగుతూనే ఉంది.

ఎవరిదీ మాట అన్న తగువు 'మగధీర'లో తేలిగ్గా పుట్టింది, ఎందుకంటే అక్కడ రాసిన మనిషి ఉన్నాడు. నక్కిలీసు గొలుసుకి ఎవరున్నారు? జానపదం అని రాసి ఊరుకున్నారు. జానపదం అంటే ఎవరిదీ కాదని కాదు కదా, ఎత్తిన ఆడవాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదని. సినిమాలో దాన్ని పాడింది రఘు కుంచె. ఆయనది గోదావరి జిల్లా. మా యాస గోదావరి గొంతులోంచి బయటికి వెళ్ళింది. నాకిందులో ఫిర్యాదు లేదు, ఆయన పాడకపోతే అది ఇంకా మడిలోనే ఉండేది. లెక్కలోకి రావలసిన వాళ్ళు ఇంకా ఉన్నారని మాత్రం అంటున్నాను.

ఈ విషయంలో కోటబొమ్మాళి కొంచెం నయం. టెక్కలికి అవతల, హైవే మీద ఉంటుంది, కొత్తమ్మతల్లి జాతరకి పేరున్న ఊరు. 2023 నవంబరులో 'కోటబొమ్మాళి పీఎస్' అని సినిమా వచ్చింది. కథ కేరళది, 2021లో మలయాళంలో వచ్చిన 'నాయాట్టు'. కథకి మా ఊరి పేరు పెట్టారు. అయితే అందులో మా సరుకు ఒకటుంది, 'లింగి లింగి లింగిడి' పాట. జానపద గాయకుడు పి. రఘు పాట, పాడిందీ ఆయనే. సినిమా కంటే ముందే పాట వెళ్ళింది, సినిమా కంటే దూరం వెళ్ళింది. లింగిడి అంటే ఏమిటని బయటివాళ్ళు నన్ను చాలాసార్లు అడిగారు. లింగి అనేది ఆడపిల్ల పేరు, దానికి డి తగిలిస్తే దరువు. నాకు తోచింది అంతే. అంతకు మించి అర్థం తవ్వుకుంటూ కూర్చుంటే జాతర అయిపోతుంది.

అర్థం తెలియక్కర్లేదన్నది ఒక్క మా మాటలకే కాదు. 2011 నవంబరులో 'కొలవెరి' అన్న తమిళ మాటని దేశమంతా పాడింది. 2021 డిసెంబరులో 'పుష్ప'తో 'తగ్గేదే లే' అన్న చిత్తూరు మాట వచ్చింది. ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్ గడ్డం కింద చెయ్యి తిప్పుతూ చూపించాడు. ఆ మాటకి చెయ్యి తోడైంది కాబట్టి తెలుగు రాకపోయినా పని జరిగింది. నక్కిలీసుకి నడుం ఊపు తోడైంది. మాట ఒంటరిగా దూరం పోదు, వెంట ఒక కదలికో ఒక దరువో ఉండాలి. గురజాడ వారి గిరీశం మాటలు నూటపాతికేళ్ళుగా 'కన్యాశుల్కం' చదవని వాళ్ళ నోళ్ళలో కూడా నానుతున్నాయంటే, అక్కడా గిరీశం చేతిలో చుట్ట, నాటకంలో ఆ ఠీవి కళ్ళకి కట్టబట్టే.

సముద్రం వైపు నుంచి వచ్చిన మాట ఒకటి చెప్పి, మళ్ళీ గొలుసు దగ్గరికి వస్తాను. తండేల్. ఇది తెలుగు కాదు. గుజరాత్ వైపు పడవ నడిపించే పెద్దని అలా అంటారు. మన తీరం మత్స్యకారులు ఏటా వెరావల్ వెళ్ళి అక్కడి బోట్లమీద నెలల తరబడి వేట చేస్తారు. మాట వాళ్ళ మూటల్లో పడి మన పల్లెలకి చేరింది. 2018 నవంబరులో అలా వెళ్ళిన మనవాళ్ళు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. ఆ సంఘటన మీద 2025 ఫిబ్రవరి 7న 'తండేల్' సినిమా వచ్చింది. అప్పుడు తెలుగువాళ్ళందరికీ ఆ మాట తెలిసింది. మా తీరం ఊళ్ళలో ఆడవాళ్ళకి మాత్రం అది ఎప్పట్నుంచో తెలుసు. భర్త ఏ తండేల్ కింద వెళ్తున్నాడన్నది వాళ్ళకి బియ్యం ధర లాంటి సంగతి. హైదరాబాదులో కుర్రాళ్ళ చొక్కాల మీద ఆ మాట చూసినప్పుడు నేను గర్వపడాలో, ఆగాలో తేల్చుకోలేకపోయాను.

మా ఉద్దానం పేరు బయట ఎప్పుడు వినబడినా ఏదో ఒక కష్టం వెంట వచ్చేది. కిడ్నీ జబ్బు అన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరినీ జీడినీ పడగొడితే రెండు వారాలు టీవీలో ఉన్నాం. పాటతో వినబడటం నా ఎరికలో ఇదే. అందుకని ఎంత గొణిగినా ఈ నక్కిలీసు మీద నాకు కోపం రాదు.

కొట్టులో దిద్దులు కొన్న ఆ సాయంత్రమే మా అప్ప ఇంటికి వెళ్ళాను. ఆవిడకి అరవై దాటాయి. ముప్ఫయ్యేళ్ళు జీడి బట్టీల్లో పనిచేసింది. పిక్కలు కొట్టినప్పుడు జీడి చమురు అంటకుండా చేతులకి బూడిద రాసుకునేవాళ్ళు. అయినా వేళ్ళ చివర్ల నలుపు ఇప్పటికీ పోలేదు. పెళ్ళివారి డీజే బండి వీధిలో నక్కిలీసు మోగిస్తూ పోతోంది. కిటికీ అద్దం గిలగిల్లాడుతోంది. అప్ప దిద్దుల డబ్బా తెరిచి చూస్తూ, "ఆడెవుడో గానీ బేగి పాడేస్తన్నాడు, ఊపిరి తీసుకోనియ్యడు" అంది.

"నీకెలాగొచ్చు అప్పా ఈ పాట?" అన్నాను.

"నాకెలాగొచ్చేటి, నాను ఎత్తినదే కదా ఉభాల్లోన. నువ్వు గట్టు మీద కూకుని ఇన్లేదేటి?"

నాకు గుర్తు లేదు. ఎత్తమన్నాను. ముందు సిగ్గుపడింది, గొంతు పోయిందంది, కాళ్ళు నొప్పులంది. డీజే బండి సందు తిరిగాక నెమ్మదిగా మొదలుపెట్టింది. నేను ఫోన్లో విన్న చరణాలేవీ లేవు. గొలుసు పోయిన మనిషిని నన్ను చేసింది. పలాసలో బండెక్కినప్పుడు ఉందట, విశాఖపట్నంలో దిగేసరికి లేదట. ఏ స్టేషన్లో జారవిడుచుకున్నావురా అని ఒక్కో స్టేషన్ పేరూ పెట్టి వెతికిస్తోంది. నౌపడా అంది, తిలారు అంది, ఆమదాలవలస అంది. అప్పటికప్పుడే కడుతోంది, నా మొహం చూస్తూ కడుతోంది. మా బావ మంచం మీద లేచి కూర్చున్నాడు.

పాడుతూ పాడుతూ ఆగి నా వైపు చెయ్యి ఊపింది. వంత అందుకోమని. నాకు ఆ పాటలో తెలిసిన ముక్క అదొక్కటే. అందుకున్నాను.